కొండ నడకలు, కార్తీక వనభోజనాలు: విశాఖలో మాతో నడవాలనుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నం చుట్టుపక్కల కొండదారుల్లో పొద్దున్నే నడిచి, మధ్యాహ్నం ఏదో ఒక తోటలో కలిసి భోంచేసే బృందం మాది. పేరు లేదు, రిజిస్ట్రేషన్ లేదు, అధ్యక్షుడు అసలే లేడు. కొత్తగా వచ్చేవాళ్లు ఫోన్ చేసి అడిగేవి ఏటా ఇంచుమించు అవే ప్రశ్నలు కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెట్టాం. ఇది చదివాక కూడా సందేహం మిగిలితే తప్పకుండా అడగండి. చదవకుండా మాత్రం అడగకండి.

ఇది ట్రెక్కింగా, పిక్నిక్కా, కార్తీక పూజా?

నడక నిజమైన నడకే. రెండు మూడు గంటలు పడుతుంది, ఎక్కుడూ దిగుడూ ఉంటాయి, చొక్కా తడిసిపోతుంది. భోజనం కార్తీక వనభోజనం పద్ధతిలో, విస్తరాకుల్లో, బంతి కట్టి. పూజ మా కార్యక్రమంలో భాగం కాదు. ఉసిరి చెట్టు మొదట్లో దీపం పెట్టుకోవాలనుకున్నవాళ్లకి తోటలో చోటు చూపిస్తాం. అడవిలో మాత్రం అగ్గిపుల్ల కూడా గీయనివ్వం. ఎందుకో కింద ఉంది.

నడవకుండా నేరుగా భోజనానికి రావచ్చా?

పెద్దవాళ్లు, ఒంట్లో బాగోలేనివాళ్లు, ఆ రోజు వంట పట్టినవాళ్లు రావచ్చు. మిగతావాళ్లు నడిచి రండి. పొద్దున్నుంచి ఒకే మెట్టు మీద కూర్చుని ఆయాసం తీర్చుకున్న ఇద్దరికి, బంతిలో పక్కపక్కన కూర్చున్నప్పుడు వేరే పరిచయం అక్కర్లేదు. కారు దిగి నేరుగా విస్తరి ముందు కూర్చున్నవాళ్లు తమ వాళ్లతోనే మాట్లాడుకుని, తమ కారులోనే వెళ్లిపోతారు. వాళ్లని తప్పు పట్టడం లేదు, హోటల్లోనూ అంతే కదా. అలా తినడానికి ఊళ్లో చాలా చోట్లున్నాయి.

ఏ నెలల్లో నడుస్తారు? ఏ రోజుల్లో?

దసరా వెళ్లాక, ఆశ్వయుజం చివర్లో మొదలుపెడతాం. దీపావళి మర్నాటి నుంచి కార్తీకం కాబట్టి ఆ నెలంతా జోరుగా ఉంటుంది. మార్గశిరం వచ్చిందంటే మాలో సగంమందికి లక్ష్మివారాలు (గురువారాలు) బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి చుట్టూనే గడిచిపోతాయి, అప్పటికి మెల్లగా ఆపేస్తాం. వేసవిలో ఈ కొండలెక్కమని మేం ఎవరికీ చెప్పం. సముద్రపు ఉక్క, రాతి వేడి కలిస్తే పొద్దున ఎనిమిదికే ప్రాణం మీదకొస్తుంది.

మామూలు నడకలు ఆదివారాలు. పెద్ద వనభోజనం మాత్రం కార్తీకంలో పడే ఇంగ్లీషు నెల రెండో శనివారం. ప్రభుత్వోద్యోగులకి సెలవు ఉంటుందన్నది ఒక కారణం. రెండోది ఉసిరికాయ. ఆదివారం ఉసిరి తినకూడదని పట్టింపు ఉన్న ఇళ్లు మనవైపు చాలా ఉన్నాయి. ఉసిరి చెట్టు కింద కూర్చోబెట్టి, ఉసిరికాయ పులిహోర వడ్డించి, “మాకొద్దండీ, ఆదివారం కదా” అనిపించుకోవడం దేనికని శనివారానికి మార్చాం. పట్టింపు లేనివాళ్లకి శనివారమైనా ఒకటే.

ఎన్ని గంటలకి బయల్దేరాలి?

పొద్దున ఆరుకి కొండ మొదట్లో ఉండాలి. కార్తీకంలో మనకి సూర్యోదయం ఇంచుమించు అప్పుడే. సాయంత్రం మాత్రం మోసం చేస్తుంది. విశాఖ తూర్పున ఉండటం వల్ల నవంబరు మధ్యలో ఐదూ ఇరవైకల్లా సూర్యుడు దిగిపోతాడు, చెట్ల కింద ఇంకా ముందే చీకటి పడుతుంది. హైదరాబాదు నుంచి చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు ఆరింటి దాకా వెలుగుంటుందనుకుంటారు. తోటలో అంట్లు తోమడంతో సహా నాలుగున్నరకి అంతా అయిపోవాలని మా నియమం.

ఏయే దారుల్లో నడుస్తారు?

ఎక్కువగా తిరిగేవి నాలుగు.

కొత్తవాళ్లని మొదట తీసుకెళ్లేది సింహాచలం మెట్లదారి. అడివివరం వైపు తొలి పావంచా దగ్గర మొదలవుతుంది. వెయ్యి మెట్లంటారు. తీరిగ్గా ఎక్కితే గంట పడుతుంది. రాతిమెట్లు నున్నగా అరిగి ఉంటాయి, పొద్దుటి మంచుకి జారతాయి, అదొక్కటే జాగ్రత్త. మోకాళ్లు బాగోలేనివాళ్లకి ఇందులో ఒక సుఖం ఉంది: ఎక్కడం నడిచి, దిగడం ఘాట్ రోడ్డు మీద బస్సులో కానిచ్చేయవచ్చు. మోకాలికి ఎక్కడంకంటే దిగడమే కష్టం. దర్శనం చేసుకునేవాళ్లు చేసుకుంటారు, వాళ్ల కోసం గంట ఆగుతాం. కార్తీక శనివారాలు క్యూ ఎంత ఉంటుందో ఎవరూ చెప్పలేరు కాబట్టి ఆ రోజుల్లో ఈ దారి పెట్టుకోం. అనాస, సంపెంగ ఈ కొండకి పేరు తెచ్చినవి. శరత్కాలంలో అనాస ఉండదు గానీ కింద సీతాఫలాలు గంపలతో దొరుకుతాయి.

రెండోది అదే కొండకి అటువైపు నుంచి, మాధవధార మీదుగా. కింద గుడి, ధార ఉన్నాయి. వానలు వెళ్లిన కొత్తల్లో ధార బాగా పారుతుంది. మెట్లదారికంటే ఇక్కడ జనం తక్కువ, పొదలు ఎక్కువ. ఒంటరిగా వెళ్లవద్దనే చెబుతాం. ఊరికి ఇంత దగ్గరగా ఉన్నా పైకి వెళ్లేకొద్దీ హైవే మోత వినపడకుండా పోతుంది. మాలో చాలామందికి ఇదే ఇష్టమైన దారి.

మూడోది కంబాలకొండ. ఒకప్పుడు విజయనగరం రాజుల వేట అడవి, ఇప్పుడు సుమారు 71 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. జూకి ఎదురుగా, హైవేకి అవతలి పక్కన అటవీశాఖ గేటు ఉంది. టికెట్టు కొని వెళ్లాలి, వాళ్లు తెరిచి ఉంచిన దారుల్లోనే నడవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటినప్పుడు ఈ అడవిలో చెట్లు కుప్పలుగా కూలాయి. అప్పటి ముందూ తర్వాతా చూసినవాళ్లు మాలో ఉన్నారు. ఖాళీ అయిన చోట తీగలు, పొదలు ఎలా ముందు లేచాయో, వాటిని తోసుకుని చెట్లు ఎలా వస్తున్నాయో చూపిస్తూ నడిపిస్తారు. ఆ నడక ఎప్పుడూ ఆలస్యంగానే ముగుస్తుంది.

నాలుగోది భీమిలి బీచ్ రోడ్డు మీద తొట్లకొండ. కొండ ఎత్తు 128 మీటర్లే, పిల్లలు కూడా ఎక్కేస్తారు. నేవీ వాళ్లు 1976లో గగనతల సర్వే చేస్తుంటే పైన బౌద్ధ ఆరామం ఉన్న సంగతి బయటపడింది. తవ్వకాల్లో స్తూపాలు, భిక్షువుల గదులు, రాతిలో తొలిచిన నీటి తొట్లతో పాటు వంటశాల, సామాన్ల కొట్టు, భోజనశాల కూడా దొరికాయి. కొండెక్కి, కలిసి తిని, మళ్లీ పనిలో పడటం ఇక్కడ రెండు వేల ఏళ్ల కిందటే ఉందన్నమాట. మనం మాత్రం అక్కడ తినకూడదు, అది రక్షిత స్థలం. గోడల మీద ఎక్కి ఫొటోలు దిగడం కూడా కుదరదు. కొండ దిగి భీమిలి వైపు జీడిమామిడి తోటల్లో భోంచేస్తాం.

భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల గురించి అందరూ అడుగుతారు. వెళ్తాం, కానీ కింద గెడ్డ (వాగు) దారిలోనే నడుస్తాం. దిబ్బల మీదికి ఎక్కితే అంచులు రాలిపోతాయి. భూవిజ్ఞాన సర్వే సంస్థ వాటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. అయినా వాటి మీద జారుడుబండ ఆడేవాళ్లు తగ్గలేదు. మా నడకలో ఎవరైనా పైకెక్కితే మిగతా అందరం కిందే ఆగిపోతాం, దిగి వచ్చేదాకా కదలం. మాట అనక్కర్లేకుండానే దిగి వచ్చేస్తారు.

అరకు ఎందుకు పెట్టరు?

కార్తీకంలో సెలవు రోజున అనంతగిరి ఘాట్ ఎక్కి చూడండి, తెలుస్తుంది. కార్ల వెనక కార్లు. 110 కిలోమీటర్ల పైచిలుకు దూరం, వెళ్లడానికీ రావడానికే రోజు అయిపోతుంది. వలిసె పూలు విచ్చుకునే రోజులు కాబట్టి చూడాల్సిందే, కాదనం. అది విడిగా రెండు రోజులు పెట్టుకుని చేయాల్సిన ప్రయాణం. ఇంటి నుంచి సిటీ బస్సులో చేరగలిగే దారులే మా లెక్కలోకి వస్తాయి.

సింహాచలం గిరి ప్రదక్షిణలాంటిదేనా?

కాదు. అది ఆషాఢంలో, పౌర్ణమికి, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు, లక్షల మందితో, తారు రోడ్డు మీద. మాది అందులో ఆరో వంతు కూడా ఉండదు, పైగా మధ్యలో ఎన్నిసార్లు ఆగినా ఎవరూ ఏమనరు.

ఇది ఏ కులం వాళ్ల వనభోజనం?

ఈ ప్రశ్న నేరుగా అడిగేవాళ్లు తక్కువ. “ఎవరెవరు వస్తారండీ?”, “ఇంటిపేరేమిటన్నారు?” అని చుట్టూ తిరిగి వస్తారు. అడగడంలో వాళ్ల తప్పేమీ లేదు. కార్తీక మాసం వచ్చిందంటే ఊళ్లో ఏ తోట గేటు ముందు చూసినా ఫలానా కుల సంఘం వనభోజనాలని ఫ్లెక్సీ కనపడుతుంది. ఫ్లెక్సీ మీద నాయకుల ఫొటోలు, వేదిక, శాలువాలు, ప్రసంగాలు. ప్రసంగాలు అయ్యేసరికి సాంబారు చల్లారిపోతుంది.

మాది ఏ కులందీ కాదు. చేరేవాళ్ల దగ్గర పేరు, ఫోన్ నంబరు, ఇంట్లో ఒకరి నంబరు తీసుకుంటాం, అంతే. వంటా వడ్డనా వంతుల ప్రకారం అందరికీ వస్తాయి. ఫలానావాళ్లు వండితే తినం అనే పట్టింపు ఉన్నవాళ్లు మాతో రావద్దని ముందే చెబుతున్నాం. తీరా విస్తరి వేశాక లేచి వెళ్లేకంటే ఇదే మర్యాద. వృత్తుల మాట కూడా ఎత్తనివ్వం, కనీసం భోజనాలయ్యేదాకా. స్టీలు ప్లాంటులో పనిచేసేవాళ్లు, మాస్టార్లు, పోర్టు కాంట్రాక్టు కూలీలు, నర్సులు, రిటైరైన ఆఫీసర్లు అందరూ వస్తారు. ఎవరు ఎవరో కొండ మీద తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

మేం హిందువులం కాదు. రావచ్చా?

రండి. సింహాచలం దారిలో వచ్చినా గుడిలోకి వెళ్లి తీరాలని ఏమీ లేదు.

నెలసరి రోజుల్లో రావచ్చా?

అది మీ ఇష్టం, ఎవరూ అడగరు. నడకకీ వంటకీ మా వైపు నుంచి ఏ అభ్యంతరమూ లేదు. నడక ఎక్కువనిపిస్తే ఎక్కడ ఆగవచ్చో, దారిలో బాత్రూమ్ సదుపాయం ఎక్కడుందో ముందురోజే మెసేజ్‌లో పెడతాం. ఇది ఆడవాళ్లందరికీ పనికొచ్చే సమాచారమే. చాలామంది ఆడవాళ్లు నీళ్లు తాగకుండా నడవడానికి అసలు కారణం ఇదే.

ఖర్చెంత?

రుసుము లేదు. అటవీశాఖ టికెట్టు ఎవరిది వాళ్లు కొనుక్కోవాలి. తోటకిచ్చేది, బియ్యం, పప్పు, నూనె, గ్యాసు, అడ్డాకుల ఖర్చు లెక్కేసి తలా ఇంతని ఆ సాయంత్రమే చెబుతాం. పిల్లలకి లేదు. ఇవ్వలేని పరిస్థితిలో ఉంటే ఒక్క ముక్క మెసేజ్ పెట్టండి, కారణం అడగం.

వంట ఎవరు చేస్తారు? నేనేం తేవాలి?

రెండు రకాల భోజనాలున్నాయి. మామూలు ఆదివారాలు క్యారేజీ భోజనం: ఎవరింటి క్యారేజీ వాళ్లు తెచ్చి, అన్నీ మధ్యలో పెట్టి పంచుకుంటాం. ఇంటికి ఒకే ఐటం, కానీ పదిమందికి సరిపడా. ఎవరు ఏం తెస్తున్నారో గురువారంలోగా చెప్పాలి. చెప్పకపోతే ఏమవుతుందో మాకు బాగా తెలుసు: అందరూ పులిహోరే తెస్తారు.

పెద్ద వనభోజనానికి తోటలోనే వండుతాం. అన్నం, పప్పు, దప్పళం అక్కడ గాడిపొయ్యి మీద. కూరలు తరగడం ముందురోజు సాయంత్రం ఎవరో ఒకరింట్లో, అదీ ఒక కాలక్షేపమే. బియ్యం కిలోకి ఎనిమిది మంది లెక్క వేస్తాం. నడిచి వచ్చినవాళ్ల ఆకలి పెళ్లి భోజనాల ఆకలి కాదు, అందుకని క్యాటరింగ్ లెక్కలు ఇక్కడ పనిచేయవు.

ఏటా తప్పకుండా ఉండేవి కంద బచ్చలి కూర, పనసపొట్టు కూర, తీపి గుమ్మడికాయ వేసిన దప్పళం, ఉసిరికాయ పులిహోర, దద్దోజనం, చల్లమిరపకాయలు. కంద తరిగేటప్పుడు చేతులకి నూనె రాసుకోండి. చింతపండు రసంలో ఉడికితేనే దురద పోతుంది, తొందరపడి దించేస్తే బంతి అంతా గొంతులు గోక్కుంటుంది. పనసపొట్టుకి ఆవ పెట్టడం మీద మాలో రెండు వర్గాలున్నాయి. దించి, వేడి తగ్గాకే ఆవ కలపాలనేది ఒక వర్గం, పొయ్యి మీదుండగానే కలిపేయవచ్చనేది ఇంకోటి. మొదటివాళ్లదే సరైన మాట. వేడి మీద వేస్తే ఆవ చేదెక్కుతుంది, ఘాటు పోతుంది. రెండోవాళ్లు చదువుతున్నారని తెలిసే రాస్తున్నాం.

ఇంటి నుంచి తెచ్చేవాటిలో ఏది నిలుస్తుందో చూసుకోండి. పొద్దున నాలుగింటికి వండింది మధ్యాహ్నం ఒంటిగంటకి తింటాం. చింతపండు పులిహోర, పూర్ణాలు, గారెలు, బెల్లం వేసినవి ఉంటాయి. కొబ్బరి పచ్చడి ఉండదు. కొబ్బరికోరు వేసిన కూరలూ అంతే. దద్దోజనానికి పాలు ఎక్కువ, పెరుగు తక్కువ కలిపి తెస్తే తినే వేళకి సరిగ్గా తోడుకుంటుంది. ఇంట్లోనే కమ్మగా ఉన్నది ఇక్కడికొచ్చేసరికి పుల్లబడుతుంది. వేడి అన్నాన్ని వేడిగానే డబ్బాలో మూత బిగించి తేవద్దు, పళ్లెంలో ఆరబెట్టాక సర్దండి.

వంట రానివాళ్లు అనకాపల్లి బెల్లమో, మాడుగుల హల్వానో, అరటి గెలో పట్టుకొస్తారు. అదీ లెక్కలోకే వస్తుంది. రెండు చేతులూ ఊపుకుంటూ వచ్చినా ఫరవాలేదు, గుండిగలు తోమే పని ఉంది.

ఉల్లి, వెల్లుల్లి ఉంటాయా? మాంసం?

కార్తీకంలో మూడూ ఉండవు. నెలంతా మానేసినవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి అందరూ తినగలిగేదే వండుతాం. ఆశ్వయుజంలోనూ, మార్గశిరంలోనూ నడిచే ఆదివారాలు కోడికూర, గుడ్లు తెచ్చేవాళ్లు తేవచ్చు, గరిటెలు వేరు, చివర వేరే వరస. బొంగు చికెన్ చేయమని అడక్కండి. వెదురు నరికి తెచ్చేదెవరు?

సోమవారం ఉపవాసాలు చేస్తున్నాను. నడవగలనా?

మా నడకలు సోమవారం ఉండవు. నెలంతా పగలు తినకుండా, చుక్కను చూశాకే తినే నియమం పెట్టుకున్నవాళ్లు మాత్రం మెట్లదారికి రావద్దు, తొట్లకొండ లాంటి చిన్న నడకకి రండి. పాలూ పళ్లూ తీసుకుని రండి. షుగరుకి మందులు వాడేవాళ్లు ఉపవాసం ఉండి నడవడానికి మేం ఒప్పుకోం. ఇందులో బేరాలు లేవు.

బీపీ, షుగరు, గుండె జబ్బు ఉన్నవాళ్లు?

డాక్టరుతో మాట్లాడి రండి, మందులు జేబులో ఉంచుకోండి, వెనక నడిచే మనిషికి విషయం చెప్పండి. ప్రతి నడకకీ ముందు ఒకరు, అందరికంటే వెనక ఒకరు ఉంటారు. వెనకున్నవాళ్లని దాటి ఎవరూ వెనకబడకూడదు, ముందున్నవాళ్లని దాటి ఎవరూ పరుగెత్తకూడదు. ఛాతీలో బరువుగా, ఎడమ చేయి లాగినట్టుగా ఉంటే గ్యాసు అనుకుని నడిచేయకండి. కూర్చోండి, చెప్పండి, 108కి ఫోన్ చేస్తాం.

పిల్లల్ని తీసుకురావచ్చా?

ఆరేళ్లు దాటితే తొట్లకొండకి, పదేళ్లు దాటితే మిగతా దారులకి. చంకలో బిడ్డతో మెట్లు ఎక్కేవాళ్లు సింహాచలంలో రోజూ కనపడతారు నిజమే, కానీ దిగేటప్పుడు మీ కాళ్లు మీకు కనపడవు.

పాములుంటాయి కదా? చిరుతలు?

ఉంటాయి. అడవి వాటిది. కంబాలకొండలో చిరుత ఉంది, కానీ గుంపుగా మాట్లాడుకుంటూ నడిచేవాళ్లకి కనపడటం అరుదు. ఒక్కరే దారి తప్పి పొదల్లోకి పోవడం, సాయంత్రం ఆగిపోవడం చేయవద్దనేది అందుకే.

పాముల సంగతి వేరు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి ఈ కొండల్లో ఉన్నాయి. వానలు వెళ్లాక పొద్దుటి ఎండకి రాళ్ల మీదికి వస్తాయి. రక్తపింజరి ఎండుటాకుల్లో ఆకులాగే ఉంటుంది, అడుగు పడేదాకా కదలదు. మడమలు కప్పే బూట్లు, పొడుగు ప్యాంటు, చేతిలో కర్ర ఉంటే చాలా మటుకు సమస్య ఉండదు. కాలు పెట్టే చోటు చూడాలి, చేయి పెట్టే చోటు ఇంకా బాగా చూడాలి. మెట్ల పక్క రాళ్ల సందుల్లో చెయ్యి ఆనించడమే ఎక్కువమంది చేసే పొరపాటు.

కాటు పడితే గుడ్డ బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, పసరు రాయడం ఏదీ చేయం. మనిషిని పడుకోబెట్టి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, ఉంగరాలూ పట్టీలూ తీసేసి, మోసుకుని కిందికి దించి నేరుగా విషం విరుగుడు మందు ఉండే పెద్దాసుపత్రికి, మనకైతే కేజీహెచ్‌కి, తీసుకెళ్తాం. పామును చంపి పట్టుకురానక్కర్లేదు.

నాగులచవితి రోజు పుట్టల దగ్గర జనం, టపాకాయల మోత ఎక్కువ కాబట్టి ఆ రోజు నడక ఉండదు.

తేనెటీగలు?

పాములకంటే మాకు వీటంటేనే ఎక్కువ భయం. కొండరాళ్లకి, పెద్ద చెట్లకి పెరతేనె పట్టులుంటాయి. పొగ, అత్తరు వాసన, రాయి విసరడం, ఈ మూడింటితో లేస్తాయి. సెంటు కొట్టుకుని రావద్దు. లేచినప్పుడు చేతులు ఊపకుండా, తల, ముఖం గుడ్డతో కప్పుకుని వచ్చిన దారినే వెనక్కి గబగబా వెళ్లిపోవాలి.

ఒళ్లంతా దురదలు పుడతాయంటారు, నిజమేనా?

దూలగొండి వల్ల. ఈ రోజుల్లోనే తీగ మీద కాయలు ముదిరి, గోధుమరంగు నూగుతో మెత్తగా కనపడతాయి. ముట్టుకోవద్దు, పిల్లలకి ముందే చూపించండి. తగిలితే గోకకండి. గోకినకొద్దీ నూగు లోపలికి దిగుతుంది. అంటుకునే టేపు వేసి లాగి, తర్వాత నీళ్లతో కడగాలి. ఉత్తరేణి గింజలు బట్టలకి పట్టుకుంటాయి, వాటితో ప్రమాదమేమీ లేదు, ఇంటికెళ్లి టీవీ ముందు కూర్చుని ఏరుకోవడమే.

అడవిలో దీపం పెట్టుకోనివ్వరెందుకు? పుణ్యకాలం కదా?

కార్తీకంలో గడ్డి పైకి పచ్చగా ఉన్నా అడుగున ఎండటం మొదలవుతుంది. మూడు వందల అరవై ఐదు వత్తులు నేతిలో తడిపి చెట్టు మొదట్లో వెలిగించి, ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. అది ఎంతసేపు మండుతుందో, గాలి ఎటు తిరుగుతుందో చూసేవాళ్లుండరు. చెట్టుకి దీపం పెట్టి చెట్టునే కాల్చడం ఏం భక్తి? అభయారణ్యానికి ముప్పు తెచ్చేలా నిప్పు రాజేయడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా. పొగకి తేనెటీగలు లేస్తాయని పైన చెప్పాం. దీపాలు తోటలో, మట్టి ప్రమిదలో, చుట్టూ నీళ్లు చల్లి, పక్కన మనిషి ఉండగా. వంటపొయ్యికీ ఇదే పద్ధతి, బూడిదలో నీళ్లు పోసి చేత్తో తాకి చూశాకే కదులుతాం. సిగరెట్లకి మినహాయింపు లేదు.

వానొస్తే?

చినుకులకి ఆగం. బంగాళాఖాతంలో అల్పపీడనం అని వార్త వస్తే ముందురోజు సాయంత్రం దాకా చూస్తాం. వాయుగుండంగా మారిందంటే, తీరం దాటేది ఒడిశాలోనైనా నెల్లూరులోనైనా సరే, నడక రద్దు. అక్టోబరు, నవంబరు మన తీరానికి తుపాను నెలలు. “మా వీధిలో ఎండ కాస్తోంది కదా” అని ఫోన్ చేయకండి. విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం వాళ్ల మాటే మా మాట. వాన వెలిసిన మర్నాడు కూడా మాధవధార వైపు వెళ్లం, రాళ్లు వదులై ఉంటాయి.

ప్లేట్లు, గ్లాసులు తేవాలా?

గ్లాసు, నీళ్ల సీసా తెచ్చుకోండి, స్టీలువి. విస్తళ్లు మేం తెస్తాం. ఏజెన్సీ నుంచి వచ్చే అడ్డాకులవి, చీపురుపుల్లలతో కుట్టినవి. పలచటి ప్లాస్టిక్ పూత ఉన్న కాగితం ప్లేట్లు “ఇవీ ఆకులేనండీ” అని ఎవరైనా తెస్తే అలాగే తిరిగి పంపించేస్తాం. తిన్న విస్తళ్లు తోట యజమాని చూపించిన గోతిలో వేస్తాం. కోతులకి అన్నం పెట్టొద్దు. ఒకసారి పెడితే రెండో వారం నుంచి సంచులు లాక్కుంటాయి.

ఆటలు, పాటలు?

అంత్యాక్షరి ఉంటుంది, ఆపమన్నా ఆగదు. మైకు, స్పీకరు లేవు. మందు లేదు, సంచిలో దాచి తెచ్చినా సరే.

నడిచి వచ్చిన కొన్నాళ్లకి జ్వరం వస్తే?

ఇది ఎవరూ అడగని ప్రశ్న, మేమే పెట్టాం. వానలు వెనకపట్టిన ఈ నెలల్లో పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి కనపడని పురుగు కుట్టడం వల్ల స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. మన రాష్ట్రంలో ఏటా కేసులు ఉంటున్నాయి. కుట్టిన పది పన్నెండు రోజులకి, ఒక్కోసారి మూడు వారాలకి జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు మొదలవుతాయి. అప్పటికి నడక సంగతి మనమే మర్చిపోయి ఉంటాం. డెంగీ అనో, మామూలు వైరల్ అనో అనుకుంటూ నాలుగు రోజులు గడిపేస్తారు. చంకల్లో, గజ్జల్లో, నడుము దగ్గర బెల్టు కింద నల్లటి పొక్కు కట్టిన మచ్చ ఉందేమో చూసుకోండి, అందరికీ ఉండదు. డాక్టరుకి “ఫలానా రోజు పొదల్లో నడిచానండీ” అని మీరే చెప్పాలి. తొందరగా గుర్తిస్తే మామూలు యాంటీబయాటిక్‌తో తగ్గిపోతుంది, ఆలస్యమైతే ఊపిరితిత్తులకీ కిడ్నీలకీ వస్తుంది. నేల మీద నేరుగా పడుకోకండి, చాప వేసుకోండి. ఇంటికి రాగానే ఆ బట్టలు వేడినీళ్లలో వేసి, సబ్బుతో స్నానం చేయండి.

మిగిలిన వంట ఏం చేస్తారు?

తోట కాపలా వాళ్ల కుటుంబం మొదటి బంతిలోనే మాతో పాటు కూర్చుంటుంది, మిగిలింది పెట్టడం కాదు. ఆ తర్వాత మిగిలితే నాలుగింటిలోగా డబ్బాల్లో సర్ది, దారిలో ఇచ్చే చోట ఇచ్చేస్తాం. దద్దోజనం, కూరలు ఎవరికీ ఇవ్వం, అప్పటికి అవి పాడయ్యే వేళ. మిగిలింది సర్దడానికి వచ్చేటప్పుడు రెండు ఖాళీ డబ్బాలు సంచిలో వేసుకోండి, మూతలతో సహా.